గుండ్రని జెముడు

ఎడారి అంచులలో బతికే మొక్కలకు నీటిని దాచుకోవడమే జీవన విధానం. ఆకులను త్యజించి, కాండాన్నే జలపాత్రగా మార్చుకొన్న అటువంటి మొక్కలలో ‘యుఫోర్బియా ఒబెసా’ విశిష్టమైనది. లాటిన్ భాషలో ‘ఒబెసా’ అంటే లావైనదని అర్థం.

దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో గల గ్రేట్ కరూ రాతినేలలు దీని జన్మస్థానం. బూడిద కలిసిన ఆకుపచ్చని దేహం, సాధారణంగా ఎనిమిది కణుపు గీతలు, వాటి నడుమ ఎర్రని అడ్డచారలు కలిగిన ఈ మొక్క చూడటానికి కుట్లు వేసిన బంతిలా ఉంటుంది. రాళ్ల మధ్య రాయిలా కలిసిపోయి పశువుల కంటపడదు. ఒకే పరిమాణం గల ఆకారాలన్నింటిలో గోళానికి ఉపరితలం తక్కువ. కనుక దీనిలోని నీరు త్వరగా ఆవిరైపోదు.

మన చేల గట్లపై కంచెగా పెరిగే కాడజెముడు దీనికి బంధువే. తుంచితే పాలు కారడం ఈ జాతి లక్షణం. నాగజెముడు మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చిన వేరొక కుటుంబానికి చెందినది.

1903లో ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ డాల్టన్ హుకర్ ఈ మొక్కను వర్ణించి నామకరణం చేశాడు. ఆ అందమే దానికి ఆపద తెచ్చింది. సేకరణాభిలాషులు దానిని వేళ్లతో సహా పెకలించుకుపోయారు. ఈ మొక్క సాధారణంగా పిలకలు వేయదు. ఆడ, మగ పూలు వేర్వేరు మొక్కలకు పూస్తాయి. అందువల్ల ఒక్క మొక్కను పెకలిస్తే సమీపంలోని మరొకటి సంతానహీనమయ్యే ప్రమాదముంది. చివరకు చట్టాలు దీనికి రక్షణ కల్పించాయి. 1975లో అమలులోకి వచ్చిన ‘సైటీస్’ అంతర్జాతీయ ఒప్పందం దీని వ్యాపారాన్ని నియంత్రిస్తున్నది.

చట్టంతోపాటు విత్తనమూ దీనికి అండగా నిలిచింది. పెంపకందారులు మగ పువ్వు పుప్పొడిని సన్నని కుంచెతో ఆడ పువ్వుకు అద్దుతారు. కాయ పండినప్పుడు పగిలి గింజలను దూరంగా విసురుతుంది. కనుక ముందే దానిపై పలుచని గుడ్డ కప్పుతారు. తాజా గింజలను ఇసుక, చిన్న రాళ్లు కలిపిన మట్టిలో నాటి వెచ్చగా ఉంచితే మొలకెత్తుతాయి. పూత వచ్చేదాకా అది ఆడదో మగదో తెలియదు. అందుకు కొన్నేళ్లు వేచి ఉండాలి.

ఈ మొక్కకు కరవు కన్నా అతివృష్టి ప్రమాదకరం. కుండీ అడుగున రంధ్రం ఉండాలి. మట్టి పూర్తిగా ఆరిన తరువాతనే నీరు పోయాలి. చలికాలంలో మరింత తగ్గించాలి. వానాకాలంలో చూరు కింద, వెలుతురు ధారాళంగా వచ్చే చోట ఉంచాలి. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా మండుటెండలో పెడితే కమిలిపోతుంది. దీని పాలు చర్మానికి, ముఖ్యంగా కళ్లకు హాని చేస్తాయి. తగిలితే వెంటనే నీటితో కడుక్కోవాలి.

నేడు ఎన్నో దేశాల కుండీలలో కనిపించే ఈ మొక్క, పుట్టినచోట మాత్రం ఇంకా అరుదే. పెకలించి సొంతం చేసుకొన్న ఇష్టం దానిని వినాశనం అంచుకు చేర్చింది. గింజ నాటి వేచి ఉన్న ఇష్టం దానిని నిలబెట్టింది.

కఠిన పదాలకు అర్థాలు
త్యజించి = విడిచిపెట్టి
అతివృష్టి = మితిమీరిన వాన
సంతానహీనం = సంతానం లేనిది

ప్రశ్నలు
1. గోళాకారం ఈ మొక్కకు ఏ విధంగా మేలు చేస్తుంది?
2. ఒక్క మొక్కను పెకలించడం మరొక మొక్కకు ఎట్లా నష్టం కలిగిస్తుంది?