వారి చేతికి తాళములియ్యుడి

పాఠభాగములు: 1 సమూయేలు 16:11-23; యోహాను 9:1-3

సౌలు మనస్సు కలవరపడినప్పుడెల్ల దావీదు సితారా వాయించగా అతడు సేదదీరుచుండెను. సంగీతము మనస్సును నెమ్మదిపరచునని ఇందువలన మనము నేర్చుకొనుచున్నాము.

అమెరికా దేశస్థుడైన కోడీ లీ పుట్టు గ్రుడ్డివాడు, ఆటిజము గలవాడు. ఇతరులతో సంభాషించుట అతనికి కష్టము. అయినను పియానో వాయించుచు పాడి, 2019లో ఆ దేశపు పేరుగల టెలివిజన్ పోటీలో ప్రథముడాయెను. వినినవారనేకులు కన్నీరు విడిచిరి.

ఆటిజము పిచ్చి కాదు, శాపము కాదు. మెదడు ఎదుగుదలలోని భేదము. మన దేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో అదియు చేరియున్నది. పుట్టు గ్రుడ్డివానిగూర్చి, ఇది ఎవరి పాపమని శిష్యులడుగగా, వీనిది కాదు, వీని కన్నవారిదియు కాదని ప్రభువు చెప్పెను. మన బిడ్డలకును ఆ మాట చాలును.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతపు మన సంఘములలో ఇట్టి బిడ్డయున్నయెడల వెనుక కూర్చుండబెట్టక, చేతికి తాళములిత్తము. కోలాటములో అడుగు వేయనిత్తము. ఒకే రీతిగా మరలమరల వచ్చు దరువు తరువాతి అడుగును ముందే తెలుపును గనుక అనేకులకు నెమ్మది కలుగును. కొందరికి మైకు మ్రోత బాధాకరము. అట్టివారికొరకు దానిని తగ్గింతము. ఎవరిని బలవంతపెట్టకుందము.

దావీదు సహా తన ఇంటివారు పిలువక గొఱ్ఱెలయొద్ద విడిచిన కడగొట్టు కుమారుడే. మన ఇండ్లలో మనము పిలువక విడిచినది ఎవరిని?