ఐఈఎల్‌టీఎస్‌కు చదివేవారి ఇంట్లో ఇంగ్లిష్ మాటలు: కొన్ని చిట్కాలు

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో, స్పీకింగ్‌లో మాటల వాడకానికి నాలుగో వంతు మార్కులు ఉంటాయి. అందుకని చాలామంది నోరు తిరగని మాటల పట్టికలు తెచ్చి గోడకు అంటించుకుంటారు. పెద్ద బ్యాండ్ రావాలంటే అరుదైన మాటలు కొన్ని కావాల్సిందే. కానీ అవి వాక్యంలో అతకకపోతే ఉన్న మార్కులకే ఎసరు. అతికేలా నేర్చుకోవడానికి ఇంట్లోనే చేసుకోగలిగినవి ఇవి.

1. ఏ మాటలు నేర్చుకోవాలో ముందు తేల్చుకోండి. న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్‌లో ఎవరిల్ కాక్స్‌హెడ్ తయారుచేసి 2000లో ప్రచురించిన 'అకడమిక్ వర్డ్ లిస్ట్' నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. యూనివర్సిటీ చదువుల్లో, సబ్జెక్టు ఏదైనా సరే, మాటిమాటికీ ఎదురయ్యే 570 పదకుటుంబాలు అందులో ఉన్నాయి. వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది చొప్పున చూస్తే పన్నెండు వారాల్లో పూర్తవుతుంది. అయితే అతి మామూలు ఇంగ్లిష్ పదాలు రెండు వేలదాకా వచ్చినవారికే ఇది పనికొస్తుంది. ఆ పునాది మీద నమ్మకం లేకపోతే, పదో తరగతి ఇంగ్లిష్ రీడర్ తిరగేసి, తెలియని మాటలు ఏరుకుని, వాటినే ముందు నేర్చుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

2. మాటను ఒంటరిగా రాసుకోవద్దు, దాని జోడీతో రాసుకోండి. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తెలుగులో తప్పు చేస్తాం, హోంవర్క్ చేస్తాం, ప్రయత్నం చేస్తాం, వంట చేస్తాం. అన్నిటికీ 'చేయడం' ఒక్కటే చాలు. ఇంగ్లిష్‌లో తప్పుకు, ప్రయత్నానికి 'మేక్' రావాలి, హోంవర్క్‌కు 'డూ' రావాలి. వంటకైతే 'కుక్' సరిపోతుంది. వానకు 'హెవీ' కుదురుతుంది, టీకి 'స్ట్రాంగ్' కుదురుతుంది, వాటిని తారుమారు చేస్తే కుదరదు. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' రాకూడదు. ఇవి సూత్రాలతో రావు, జోడీగా వినీ రాసీ అలవాటు కావాలి. నోట్‌బుక్‌లో 'డెసిషన్' అని రాసి పక్కన 'నిర్ణయం' అని పెట్టుకుంటే సగం పనే అయినట్టు. 'మేక్ ఎ డెసిషన్' అని పూర్తిగా రాసుకోండి.

3. పాత శుభలేఖలు పారేయకండి. ఆ మందపాటి కాగితాన్ని అరచేతి సైజులో కత్తిరిస్తే మంచి కార్డులవుతాయి. ఒక వైపు ఖాళీ వదిలిన వాక్యం, రెండో వైపు ఆ ఖాళీలో పడే మాట రాయండి. ఖాళీ స్వీటు డబ్బాలు మూడు తీసుకోండి. కొత్త కార్డులు మొదటి డబ్బాలో వేసి రోజూ చూడాలి. సరిగ్గా చెప్పగలిగిన కార్డు రెండో డబ్బాలోకి వెళ్తుంది, దాన్ని మూడు రోజులకోసారి చూస్తే చాలు. అక్కడా తప్పకపోతే మూడోదానిలోకి, అది వారానికోసారి. ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటి డబ్బాకే. 1970లలో జర్మనీకి చెందిన సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికి ఇది ఇంటి రూపం. మరచిపోబోయే వేళకు మాట మళ్ళీ కళ్ళబడుతుంది కాబట్టే అది నిలుస్తుంది. ఫోన్‌లో కావాలంటే 'అంకి' యాప్ ఇంచుమించు ఇదే పని చేస్తుంది. కార్డులు మాత్రం మీ చేత్తో మీరే రాసుకోండి.

4. ఇంట్లో తిరిగే ఇంగ్లిష్‌ను ఓసారి పరీక్షించుకోండి. మనం మాస్టారిని డౌట్ అడుగుతాం, ఇంగ్లిష్‌లో అడగాల్సింది 'క్వశ్చన్'. మనకు 'ఫీలయ్యాడు' అంటే నొచ్చుకున్నాడని అర్థం, ఇంగ్లిష్‌లో ఏమని ఫీలయ్యాడో చెప్పాలి. పిన్ని కొడుకు 'కజిన్ బ్రదర్' కాదు, 'కజిన్' అంటే చాలు. మన ఇళ్ళలో ఇవి తప్పులు కావు. పరీక్షలో వినేవారికి మాత్రం తికమక.

5. అకడమిక్ రైటింగ్ మొదటి టాస్క్‌లో తరచూ గ్రాఫు వస్తుంది, అప్పుడప్పుడు ఏదో ఒక తయారీ ప్రక్రియ బొమ్మ వస్తుంది. గ్రాఫు సాధనకు ఏడాది కరెంటు బిల్లులు ముందేసుకోండి. ఎండాకాలంలో యూనిట్లు ఎలా ఎగబాకాయి, ఏ నెలలో పీక్ చేరాయి, వానలు మొదలయ్యాక ఎంత తగ్గాయి అన్నది ఇంగ్లిష్‌లో 150 మాటల్లో రాయండి. ప్రక్రియకు ఆవకాయను మించింది లేదు. కాయలు కడగడం, తుడవడం, ముక్కలు కొట్టడం, ఆవపిండి, కారం, ఉప్పు కలపడం, నూనె పోయడం, జాడీకి ఎత్తడం అన్నీ 'ఆర్ వాష్డ్', 'ఆర్ కట్' తరహాలో, చేసినవారి ఊసు లేకుండా రాయాలి. చేతికి తెలిసిన పని కాబట్టి బుర్ర మాటల మీదే ఉంటుంది.

6. లిజనింగ్‌లో స్పెల్లింగ్ తప్పితే మార్కు పోతుంది. బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెండూ ఒప్పుకుంటారు. అకామడేషన్‌లో 'సి'లు రెండు, 'ఎం'లు రెండు. వెన్స్‌డేలో చెవికి వినపడని 'డి' ఒకటుంది. ఫిబ్రవరి దగ్గర మాత్రం మనకే లాభం: ఇంగ్లిష్‌వాళ్ళు చాలామంది మింగేసే 'ఆర్' మన పలుకులో నిక్షేపంగా ఉంది. చెల్లెలో తమ్ముడో చదువుతుంటే రోజూ పది మాటలు డిక్టేషన్ రాయండి, చివరి 'ఎస్' వదలకుండా.

7. ఒక మాట నేర్చితే దాని తోబుట్టువులనూ పలకరించండి. 'ఎకనామిక్' ఆర్థిక వ్యవస్థకు సంబంధించింది, 'ఎకనామికల్' పొదుపైనది. రెండూ ఒకటనుకుంటే వ్యాసం అర్థమే మారుతుంది.

8. బట్టీ పట్టిన వాక్యాలు వద్దు. వాటిని పసిగట్టడం ఎగ్జామినర్లకు అలవాటే.

9. మాట తట్టనప్పుడు ఆగిపోకుండా చుట్టుతిప్పి చెప్పడం స్పీకింగ్‌లో మార్కులు తెచ్చే నేర్పు. దీనికి వంటింట్లో ఒక ఆట ఉంది. అమ్మమ్మో నాయనమ్మో మీ చెవిలో ఒక వస్తువు పేరు చెప్పాలి: చేట, కత్తిపీట, రుబ్బురోలు, కవ్వం. దాని తెలుగు పేరు ఎత్తకుండా, అది ఎలా ఉంటుందో, దేనితో చేస్తారో, దేనికి వాడతారో మీరు ఇంగ్లిష్‌లో చెప్పాలి. ఇంట్లో ఇంగ్లిష్ వచ్చిన మరొకరు అదేమిటో కనుక్కోవాలి. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఎక్కడ నసిగారో, ఏ మాట మళ్ళీ మళ్ళీ వాడారో అక్కడే తెలుస్తుంది. మర్నాటి కార్డులకు ఆ మాటలే సరుకు.