వడగట్టాకే అసలు పరీక్ష

దూలపల్లి

చి. మానసా,

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నికెల్-అల్యూమినియం హైడ్రోటాల్సైట్‌ను ఉత్ప్రేరకంగా తీసుకున్నానని, దాంతో బెంజైల్ ఆల్కహాల్‌ను బెంజాల్డిహైడ్‌గా మారుస్తానని రాశావు. మంచి పని పట్టుకున్నావు బిడ్డా. ఈ దారి వేసింది మన హైదరాబాదు వాళ్లే. తార్నాక ఐఐసీటీలో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం ఈ పదార్థం సాయంతో, మామూలు ఆక్సిజన్‌తోనే ఆల్కహాల్స్‌ను ఆక్సీకరించి చూపింది. ఆ పరిశోధన 2001లో జర్మనీ పత్రిక ‘ఆంగెవాంటె కెమీ’లో వచ్చింది. ముందు అది చదువు.

ఈ కొత్త పద్ధతి అవసరమేమిటో మన పక్కనున్న జీడిమెట్లలో రియాక్టర్ల దగ్గర నిలబడ్డవాళ్లకు తెలుసు. పాత పద్ధతిలో క్రోమియం వాడేవాళ్లం. నారింజ రంగు ద్రావణం పని పూర్తయ్యేసరికి ముదురాకుపచ్చకు తిరిగేది. సరుకు తీసుకున్నాక ఆ క్రోమియం నీళ్లన్నీ మన నెత్తినే పడేవి. అందులో మార్పు చెందకుండా మిగిలిన ఆరు సంయోజకత గల క్రోమియం క్యాన్సర్ తెస్తుంది.

లెక్క నువ్వే వేసి చూడు. క్రోమియం ట్రయాక్సైడ్, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చేస్తే బెంజైల్ ఆల్కహాల్‌తో కలిపి మొత్తం 818 గ్రాములు వేసినా, కాగితం మీద కూడా 318 గ్రాముల బెంజాల్డిహైడే వస్తుంది. నూటికి 39. ఆక్సిజన్‌తో అయితే 124 గ్రాములకు 106, అంటే నూటికి 85. మిగతా 18 గ్రాములు నీళ్లే. అయితే ద్రావణిగా వాడే టొలీన్ ఈ లెక్కలో లేదు. దాన్ని తిరిగి పట్టుకోకపోతే మనం చెప్పుకునే పచ్చదనం ఉత్తిమాటే.

ఉత్ప్రేరకం తయారీలో తొందరపడకు. నికెల్, అల్యూమినియం నైట్రేట్ల ద్రావణాన్ని కాస్టిక్ సోడా, సోడియం కార్బొనేట్ నీళ్లలోకి చుక్కచుక్కగా వదులు. పీహెచ్ 10 దగ్గర నిలవాలి. లేతాకుపచ్చ ముద్ద దిగుతుంది. సోడియం పోయేదాకా కడుగు.

ఇక ఆక్సీకరణం. మొదలుపెట్టడం తేలికే, ఆల్డిహైడ్ దగ్గర ఆపడమే కష్టం. ఒక మెట్టు దాటితే బెంజోయిక్ ఆమ్లం తయారవుతుంది. అందుకే మధ్యమధ్యలో నమూనా తీసి గ్యాస్ క్రొమటోగ్రఫీ (జీసీ)లో చూడు. ఎంత ఆల్కహాల్ ఖర్చయిందో, అందులో ఎంత ఆల్డిహైడ్ అయిందో రెండూ వేరువేరుగా రాయి. బెంజైల్ తరహా ఆల్కహాల్స్ తేలిగ్గానే లొంగుతాయి. పొడుగు గొలుసువి మొండికేస్తాయి. వాటినీ ఒకసారి పరీక్షించు. ఆక్సిజన్, వేడి టొలీన్ ఆవిరి కలిసిన చోట చిన్న నిప్పురవ్వ చాలు, జాగ్రత్త.

చివరి మాట ముఖ్యమైనది. చాయ్ వడగడితే చాయ్‌పత్తి జాలీలోనే ఉంటుంది, సారం మాత్రం గ్లాసులోకి దిగిపోతుంది. నీ నికెల్ కూడా అలా ద్రావణంలోకి కరిగిపోయి అక్కడే పని చేస్తుండొచ్చు. అందుకే చర్య సగంలో ఉండగా, వేడి మీదే వడగట్టు. చల్లారనిస్తే కరిగిన లోహం మళ్లీ ఉత్ప్రేరకం పొడి మీదికి చేరి నిన్ను మోసం చేయొచ్చు. ఆ వడగట్టిన ద్రావణాన్ని అదే వేడిలో, అదే ఆక్సిజన్‌లో నడిపించు. చర్య ఆగిపోతే సంతోషం. ఇంకా సాగుతుంటే పని చేస్తున్నది పొడి కాదు, కరిగిన లోహం. ఆ లోహమంతా రేపు సరుకులోకీ మురుగులోకీ పోతుంది.

వచ్చే ఉత్తరంలో దిగుబడి అంకె ఒక్కటే రాస్తే నేను లెక్కలోకి తీసుకోను. వేడి వడపోతలో ఏం తేలిందో ముందు అది రాయి.

ఇట్లు,
మీ పెద్దబాపు