సిలికా పొడి: పేరు ఒకటే, సరుకులు వేరు

సిమెంటు, రబ్బరు, రంగుల వ్యాపారంలో సిలికా పొడి అనే మాట నాలుగైదు సరుకులకు చెల్లుతున్నది. ఒకదానికి ఆర్డరిస్తే మరొకటి దిగిన సందర్భంలో కిరాయి, కమీషను రెండూ వివాదంలో పడతాయి.

ఎక్కువ గందరగోళం సిలికా ఫ్యూమ్, ఫ్యూమ్డ్ సిలికా అనే జంట పేర్ల వద్దనే. మొదటిది ఫెర్రోసిలికాన్, సిలికాన్ లోహం తీసే విద్యుత్ కొలుముల పొగ నుంచి పట్టిన బూడిదరంగు ధూళి. మైక్రోసిలికా అన్నా ఇదే. రెండవది సిలికాన్ టెట్రాక్లోరైడును హైడ్రోజన్, ఆక్సిజన్ మంటలో మండించి పనిగట్టుకుని తయారుచేసే తెల్లని, దూదివంటి పొడి. జర్మనీకి చెందిన డెగుస్సా కంపెనీ 1940 దశకంలో దీనిని ఏరోసిల్ పేరిట తెచ్చింది. రంగులు, రెజిన్లు, సీలెంట్లు జారకుండా చిక్కబరచటానికి ఇది కొద్ది శాతం చాలు. ధర మైక్రోసిలికాకు ఎన్నో రెట్లు.

రవాణా లెక్కలోనూ పోలిక లేదు. ఫ్యూమ్డ్ సిలికా ఘనపు మీటరుకు సుమారు 50 కిలోలే తూగుతుంది గనుక టన్నుకు 20 ఘనపు మీటర్ల చోటు కావాలి. సాంద్రత పెంచి బస్తాలకెత్తిన మైక్రోసిలికా టన్ను సుమారు రెండు ఘనపు మీటర్లలో ఇముడుతుంది. కిరాయి తూకానికా, చోటుకా అన్నది ముందే తేల్చుకోని బ్రోకరు లాభం లారీకే పోతుంది.

మైక్రోసిలికా గిరాకీలో ఎక్కువ భాగం కాంక్రీటుదే. సిమెంటు తడిసినప్పుడు వెలువడే సున్నంతో కలిసి, సందులు పూడ్చి, గట్టిదనం పెంచుతుంది. వాడకం సిమెంటు తూకంలో సాధారణంగా 5 నుంచి 10 శాతం. నీరు ఎక్కువ కోరుతుంది గనుక ప్లాస్టిసైజరు కూడా అమ్ముడవుతుంది. ఐ.ఎస్. 15388 ప్రకారం సిలికా కనీసం 85 శాతం వుండాలి.

అయితే శాతం ఒక్కటే చూసి బేరం ముగించరాదు. పలుగురాతి పొడిలో 98 శాతం సిలికా వుండవచ్చు. అది స్ఫటికరూపం, మామూలు కాంక్రీటులో సున్నంతో కలవదు, ఖాళీలు నింపుతుంది, అంతే. మైక్రోసిలికాలో దీనిని కలిపితే సర్టిఫికెట్టులో శాతం పెరుగుతుంది, సరుకు గుణం తగ్గుతుంది. ఈ మోసం ఎక్స్‌రే పరీక్షలో బయటపడుతుంది.

ఊక బూడిదదీ ఇదే తంతు. నూరు కిలోల ధాన్యానికి సుమారు 20 కిలోల ఊక, దాని నుంచి 4 కిలోల బూడిద వస్తాయి. దాదాపు 700 సెంటీగ్రేడు డిగ్రీల లోపు, అదుపులో కాల్చినది సిమెంటుకు పనికివస్తుంది. వేడి మీరితే సిలికా స్ఫటికమవుతుంది; సరిగా మండని నల్ల బూడిదలో బొగ్గు మిగులుతుంది. ఈ మూడింటికీ ఒకే ధర చెప్పే మిల్లు వద్ద శాంపిలు తీయకుండా అడ్వాన్సు ఇవ్వటం తగదు.

టైర్లు, చెప్పుల సోళ్లు, టూత్‌పేస్టులకు పోయే ప్రెసిపిటేటెడ్ సిలికా సోడియం సిలికేటు, గంధకామ్లం కలిపి తీసేది. ఇందులో కొంత తేమ సహజం. తేమ పరిమితి రాయని కాంట్రాక్టులో కొనుగోలుదారు నీటికి కూడా ధర చెల్లిస్తాడు.

పలుగురాతి పొడిని నిలవచేసే గోడౌనులో హమాలీలకు మంచి మాస్కులు తప్పనిసరి. ఆ ధూళి సిలికోసిస్ తెస్తుంది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1997లో దీనిని క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది.