తిరిగే డిస్కు – తిరగని డిస్కు

పిల్లలూ! మీ ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేసి, స్నానం చేసి వచ్చినా తెరుచుకోవడం లేదా? పాతదైపోయిందని పక్కన పెట్టేయకండి. చాలాసార్లు ఆ ఆలస్యం హార్డ్ డిస్క్‌ది.

హార్డ్ డిస్క్‌లో అద్దంలా మెరిసే పళ్ళేలు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతాయి. 7200 అయితే ఒక చుట్టుకు సెకనులో 120వ వంతు పడుతుంది. అడిగిన సమాచారం చదివే హెడ్ కిందికి వచ్చేదాకా కంప్యూటర్ ఆగాలి. 1955లో మన కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన హెచ్‌ఈసీ-2ఎం కంప్యూటర్ కూడా తిరిగే డ్రమ్ముపైనే సమాచారం దాచుకునేది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు. సమాచారమంతా చిప్‌లలో ఉంటుంది. అందుకే అడగగానే అందిస్తుంది. చాందనీ మార్కెట్‌కు పెద్దవాళ్ళతో వెళ్ళి, మీ కంప్యూటర్ మోడల్ చెప్పి, దానికి సరిపోయేదే కొనండి. ప్లగ్ తీశాకే మూత విప్పాలి.

అన్నిటికంటే ముందు ఫైళ్ళన్నీ వేరేచోట కాపీ చేయండి. బదిలీ అయితే బడి, వీధి, స్నేహితులు అక్కడే ఉండిపోతారు. మనతో వచ్చేవి వాళ్ళ ఫొటోలే. ఎస్‌ఎస్‌డీ లారీ కుదుపులను బాగా తట్టుకుంటుంది కాని, అదీ ఒకనాడు చెడిపోవచ్చు. కాబట్టి పాత డిస్కును చెరిపేయకండి. సామాన్లతో లారీలో వేయకుండా, మెత్తగా చుట్టి చేతిసంచిలో తెచ్చుకోండి.

అభ్యాసం: నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కుకు ఒక చుట్టుకు ఎంత సమయం పడుతుంది?