పాత వీడియో గేమ్ ప్యాడ్, కొత్త ల్యాప్‌టాప్: మధ్యలో ఐదు తీగలు

తొంభైలలో వేసవి సెలవులు టీవీ ముందు మారియో, కాంట్రా ఆడుతూ గడిపిన ఇళ్లలో అటక మీద వెతికితే ఇప్పటికీ ఒక గేమ్ ప్యాడ్ దొరుకుతుంది. క్యాసెట్లు పోయి ఉంటాయి, అడాప్టర్ కాలిపోయి ఉంటుంది, ప్యాడ్ మాత్రం మిగులుతుంది. ఈమధ్య ఊరికి వెళ్లినప్పుడు నాకూ ఒకటి దొరికింది. దాన్ని ల్యాప్‌టాప్‌కు కలపవచ్చు. కాకపోతే ముందు దాని లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

మన ఇళ్లకు వచ్చిన ఆ యంత్రాలు చాలావరకు జపాన్‌లో 1983లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్‌కు నకళ్లు. ప్యాడ్ మీద ప్రధానమైన బటన్లు ఎనిమిది. తీగను కోసి చూస్తే సాధారణంగా ఐదు పోగులే ఉంటాయి: విద్యుత్తుకు ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి, మిగిలిన మూడు లాచ్, క్లాక్, డేటా. ఎనిమిది బటన్ల సంగతి ఒక్క డేటా తీగలో ఎలా వస్తుంది?

బడిలో హాజరు తీసుకున్నట్టే. లాచ్ తీగ మీద వచ్చే చిన్న పల్స్ "ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి" అన్న ఆజ్ఞ. ఆ క్షణంలో ఏ బటన్ నొక్కి ఉందో ప్యాడ్‌లోని షిఫ్ట్ రిజిస్టర్ గుర్తు పెట్టుకుంటుంది. క్లాక్ పల్స్ వచ్చిన ప్రతిసారీ వరుసలో తరువాతి బటన్ వంతు వస్తుంది. ఆ వరుస ఎప్పుడూ ఒకటే: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. నింటెండో వాడిన చిప్ 4021 అనే మామూలు సీమాస్ చిప్. నకళ్లలో దాని స్థానంలో ఒక నల్లటి ఎపాక్సీ బొట్టు ఉంటుంది, దాని మీద పేరూ నంబరూ ఉండవు. పని మాత్రం అదే.

ఒక్కో పల్స్‌కు సుమారు 12 మైక్రోసెకన్లు. అంటే మొత్తం హాజరు 100 మైక్రోసెకన్లు దాటి కొంచెంలో ముగుస్తుంది. ఆట దీన్ని సెకనుకు దాదాపు 60 సార్లు అడుగుతుంది. మిగతా కాలమంతా ప్యాడ్‌కు విశ్రాంతే.

యూఎస్‌బీ భాష వేరు. పరికరం ముందు "నేను జాయ్‌స్టిక్‌ను, నాకు ఇన్ని బటన్లు" అని తనను తాను పరిచయం చేసుకోవాలి. కాబట్టి మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. ఆర్డుయినో లియొనార్డో బోర్డు ఇందుకు సరిపోతుంది, ఎందుకంటే దాని ప్రధాన చిప్పే నేరుగా యూఎస్‌బీ మాట్లాడగలదు. చాలామంది దగ్గర ఉండే ఊనోకు ఆ సౌకర్యం లేదు. ప్రోగ్రామ్ చిన్నదే: లాచ్‌ను పైకెత్తి దించడం, డేటా చదవడం, క్లాక్ ఒకసారి కొట్టడం, ఇలా ఎనిమిది సార్లు. ఒక మెలిక ఉంది. నొక్కిన బటన్ సున్నాగా, వదిలిన బటన్ ఒకటిగా వస్తుంది.

తీగలు కలిపే ముందు మల్టీమీటర్ తీయండి. తొమ్మిది పిన్నుల ప్లగ్‌లో ఏ పిన్ను ఏదో తయారీదారును బట్టి మారుతుంది, తీగల రంగులనూ నమ్మలేం. ప్యాడ్ విప్పితే బటన్లన్నిటికీ ఒక వైపు ఉమ్మడిగా తిరిగే రాగి గీత కనిపిస్తుంది. సాధారణంగా అదే గ్రౌండ్, వెతుకులాట అక్కడి నుంచి మొదలుపెట్టండి.

పాత డెస్క్‌టాప్‌ల వెనక ఉండే సీరియల్ పోర్టుకూ తొమ్మిది పిన్నులే ఉంటాయి, ఈ ప్లగ్ అందులో చక్కగా దూరుతుంది కూడా. దూర్చకండి. ఆ పోర్టు తీగల మీద రుణ వోల్టేజీ సహా 15 వోల్ట్ల వరకు ఉండవచ్చు. 5 వోల్ట్ల ప్యాడ్ దాన్ని తట్టుకోలేదు.

నేను చేసిన తప్పు ఇంకొకటి. మొదట లియొనార్డో బదులు రాస్ప్‌బెర్రీ పై పికో వాడాను. ప్యాడ్‌కు 5 వోల్ట్లు ఇచ్చి, డేటా తీగను తిన్నగా పికోకు కలిపాను. పికో పిన్నులు 3.3 వోల్ట్లకు చేసినవి. ఆ పిన్ను మళ్లీ పలకలేదు. రెండు నిరోధకాలతో డేటా వోల్టేజీని తగ్గించవచ్చు కదా అంటే, తగ్గించవచ్చు. కానీ ఎదురు దిశలో చిక్కు ఉంది: 5 వోల్ట్ల మీద నడిచే 4021 చిప్ ఒక సంకేతాన్ని "ఒకటి"గా తప్పక గుర్తించాలంటే కనీసం 3.5 వోల్ట్లు కావాలి. పికో ఇచ్చేది 3.3. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు, లోపం ఎక్కడో అంతుపట్టదు. ప్యాడ్‌నే 3.3 వోల్ట్లతో నడపడం మేలు. 4021 మూడు వోల్ట్ల నుంచీ పనిచేస్తుంది. నల్ల బొట్టు చిప్పుల గురించి అలా హామీ ఇవ్వలేం, నాది మాత్రం పనిచేసింది.

పాత పీసీ జాయ్‌స్టిక్, అంటే 15 పిన్నులది, దొరికితే కథ ఇంకా బాగుంటుంది. 1981 నాటి ఐబీఎం గేమ్ పోర్టు కాలాన్ని కొలిచేది. కర్ర వంచితే 0 నుంచి లక్ష ఓమ్‌ల మధ్య నిరోధం మారుతుంది, దాని గుండా కెపాసిటర్ నిండటానికి పట్టే సమయం సుమారు 24 నుంచి 1,124 మైక్రోసెకన్ల మధ్య మారుతుంది. ఇంటర్‌లో చదివిన ఆర్‌సీ సర్క్యూటే ఇది. ఇప్పుడైతే గ్రౌండ్‌కు ఒక స్థిర నిరోధకం జోడించి వోల్టేజీ కొలిస్తే చాలు. ఆ సంబంధం సరళరేఖ కాదు కాబట్టి మధ్యస్థానాన్ని ప్రోగ్రామ్‌లో సరిచేసుకోవాలి.

అన్నీ కలిపాక విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరవండి. ఏమీ నొక్కకుండానే ఎనిమిది బటన్లూ వెలిగితే సున్నా, ఒకట్లను తిప్పడం మరిచారన్నమాట. ఒక్క బటన్ మాత్రం పలకకపోతే ప్రోగ్రామ్ జోలికి పోవద్దు. ప్యాడ్ విప్పి, రబ్బరు కింది నల్లటి కార్బన్ బిళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో మెల్లగా తుడవండి. నా ప్యాడ్‌లో బీ బటన్ అలాగే తిరిగొచ్చింది.