గడప దాటని పిల్లికీ ఏటా టీకాలా?

ప్రశ్న: మా పిల్లికి ఐదేళ్లు. విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్ మాది, అది బయటికే పోదు. చిన్నప్పటి టీకాలన్నీ వేయించాం. పోయినసారి బూస్టర్ వేయించాక రోజంతా తిండి ముట్టలేదు. ఇక మానేయొచ్చా?

జవాబు: రేబిస్ టీకా మాత్రం మానకండి. లక్షణాలు బయటపడ్డాక పిల్లినైనా, మనిషినైనా బతికించడం దాదాపు అసాధ్యం. బాల్కనీలోంచి జారి వీధిలో పడ్డ పిల్లిని కుక్క కరవడానికి ఎంతసేపు? ఏడాదికోసారి వేయించండి.

పాన్‌ల్యూకోపీనియా, హెర్పిస్, క్యాలిసి వైరస్‌లకు కలిపి ఇచ్చే టీకా సంగతి వేరు. కూనప్పుడు 16 వారాలు నిండేదాకా డోసులు పడి, ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో బూస్టర్ కూడా అందితే, మీ పిల్లిలాంటి వాటికి మూడేళ్లకోసారి చాలని ప్రపంచ పశువైద్య నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. నా సలహా కూడా అదే. అలాగని పూర్తిగా వదిలేయొద్దు. పాన్‌ల్యూకోపీనియా వైరస్ నెలల తరబడి బతికి, మీ చెప్పులకు అంటుకుని ఇంట్లోకి రాగలదు. ఊరెళ్తూ పిల్లిని బోర్డింగ్‌లో వదిలే అలవాటుంటే, హెర్పిస్, క్యాలిసిల కోసం ఏటా వేయించడమే మంచిది.

ఒక రోజు నలతగా ఉండటం మామూలే. ముఖం వాచినా, వాంతులు, ఆయాసం మొదలైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. సూది వేసినచోట గడ్డ మూడు నెలలకూ కరగకపోయినా, రెండు సెంటీమీటర్లు దాటినా, నెల తర్వాత కూడా పెరుగుతున్నా తప్పక చూపించాలి. చాలా అరుదుగా అది క్యాన్సర్ కావచ్చు. ఈసారి టీకా కార్డు వెంట తీసుకెళ్లి, పోయినసారి తిండి మానేసిన సంగతి సూది వేయకముందే డాక్టరుగారికి చెప్పండి.